చదివిన వాక్యం కొట్టులోకి ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. గుంటూరు మిర్చి యార్డు దగ్గర నాకు చిన్న కమీషన్ కొట్టు ఉంది. రోజూ తెల్లవారుజామునే బైబిలు చదువుతాను, ఏటా ఆదికాండం నుండి ప్రకటన గ్రంథం దాకా ఒకసారి పూర్తిచేస్తాను, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో ఉపవాసం ఉంటాను. అయినా నా కోపం, నా వ్యవహారం ఏమీ మారలేదని నా భార్యే అంటోంది. ఆలోచిస్తే నిజమేననిపిస్తోంది. ఇంకా ఏమి చదవమంటారు?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: సోదరా, 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు ఏటా పూర్తిచేసే మీకు మరొక పఠన పట్టిక ఇచ్చి ప్రయోజనం లేదు. రోజుకు మూడు నాలుగు అధ్యాయాల చొప్పున సాగే చదువులో ఒక మాట మనల్ని నిలదీసేలోపే తరువాతి మాటకు వెళ్ళిపోతాము. అధ్యాయం ముగించామన్న తృప్తే దేవునికి లోబడ్డామన్న తృప్తిగా చెలామణి అయిపోతుంది. “వినువారు మాత్రమైయుండి మిమ్మును మీరు మోసపుచ్చుకొనకుండ, వాక్యప్రకారము ప్రవర్తించువారునై యుండుడి” అని యాకోబు (1:22) హెచ్చరించినది బైబిలు తెరవని వారిని కాదు, క్రమం తప్పక వినే మనబోటి వారినే.

కాబట్టి కొంతకాలం వేగం తగ్గించి, మీ వృత్తిని నేరుగా తాకే భాగాలు చదవండి. లేవీయకాండం 19వ అధ్యాయం ఒక్కటే మీకు చాలా రోజులు సరిపోతుంది. కూలివాని కూలి మరునాటి వరకు ఉంచుకోవద్దని 13వ వచనం, కొలతలోను తూనికలోను అన్యాయం చేయవద్దని 35, 36 వచనాలు ఆజ్ఞాపిస్తాయి. దీనిని ఇంట్లో కాక కొట్టులోనే, లెక్కల పుస్తకం పక్కన పెట్టుకొని చదవండి. పల్నాడు పల్లెల నుండి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చి టిక్కీలు (మిర్చి బస్తాలు) దించిన రైతు కాటా దగ్గర నిలబడి చూస్తుండగా, తేమ ఉందనో తాలు కాయ (రంగు పోయిన నాసిరకం కాయ) కలిసిందనో మీరు తీసే తరుగు ఆ సరుకులో ఉన్న లోపానికి సరిపడేదేనా, లేక యార్డులో అందరూ తీస్తున్నారు కనుక తీస్తున్నదా? మచ్చు చూడటానికి తీసిన కాయలు చివరకు ఎవరి సంచిలో చేరుతున్నాయి? తొడిమలు తీసే స్త్రీలకు శనివారం ఇస్తామన్న కూలి సోమవారానికి ఎందుకు జరిగింది?

యార్డుకు సరుకు ముమ్మరంగా వచ్చే ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే సాధారణంగా మనకు శ్రమల దినాలు కూడా వస్తాయి. “మీ ఉపవాసదినమున మీరు మీ వ్యాపారము చేయుదురు, మీ పనివారిచేత కఠినమైనపని చేయించుదురు” అన్న యెషయా 58వ అధ్యాయాన్ని ఆ రోజుల్లోనే చదవండి. (శ్రమల దినాలు మొదలయ్యే భస్మ బుధవారం నాడు ఈ మాట మీద ప్రసంగం వినాలంటే మన వ్యాపారులకు కొంచెం ధైర్యం కావాలి.) ప్రవక్త ఉపవాసాన్ని కొట్టివేయలేదు, కాడిమాను మోకులు విప్పడమే, అంటే అణగారినవారిని విడిపించడమే, దేవుడు కోరే ఉపవాసమన్నాడు.

ఇక ఇప్పటికే తీసుకొన్నదాని సంగతి. అన్యాయంగా తీసుకొన్నదానికి అయిదవ వంతు కలిపి సొంతదారునికి తిరిగి ఇవ్వాలని లేవీయకాండం 6వ అధ్యాయం చెబుతుంది. సువార్తలో కనిపించే సుంకరి (పన్ను వసూలుదారు) జక్కయ్య అంతటితో ఆగక నాలుగంతలు ఇస్తానన్నాడు, ఆస్తిలో సగం బీదలకు పంచుతానన్నాడు. అయితే అది రక్షణకు చెల్లించిన వెల కాదు. యేసు తనంతట తానే అతని ఇంటికి వస్తానన్న తరువాత అతని చేతి పిడికిలి విడిపోయింది. మీరు కూడా భయంతో కాక ఆ కృపతోనే మొదలుపెట్టి, గుర్తున్న రైతులకు ఫోన్ చేసి బాకీ తీర్చండి.

కోపం విషయం: గుమాస్తాను నలుగురిలో తిట్టి ఉంటే, ఆ నలుగురిలోనే క్షమాపణ అడిగి, ఆ తరువాత కానుక పట్టుకొని గుడికి వెళ్ళండి (మత్తయి 5:23, 24).

ప్రశ్న: ఏ చిన్న మాట వచ్చినా నా భర్త, మా అత్తగారు భార్యలు భర్తలకు లోబడాలని పౌలు రాసిన ఎఫెసీయులకు 5:22 నాకు గుర్తుచేస్తారు. వాక్యప్రకారం జీవించడమంటే మారుమాట ఆడకపోవడమేనా?
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: కాదమ్మా. అంతకు ముందున్న 21వ వచనం అందరినీ ఒకరికొకరు లోబడమంటుంది. 22 నుండి 24 వరకు భార్యలతో మాట్లాడిన పౌలు, 25 నుండి అధ్యాయం చివరిదాకా ఎక్కువగా భర్తలతోనే మాట్లాడతాడు; క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకొన్నట్లు భార్యను ప్రేమించమంటాడు. భార్యకు చెప్పిన మాటను ఆమెచేత బలవంతంగా చేయించే అధికారం ఆయన భర్తకు ఎక్కడా ఇవ్వలేదు, అత్తగారికి అసలే ఇవ్వలేదు. కుటుంబ ప్రార్థనలో ఈసారి 21 నుండి 33 వరకు మీ భర్తచేతనే చదివించండి. విషయం చేయి చేసుకోవడం దాకా వస్తే మాత్రం అది ప్రార్థనలో సర్దుకొని ఊరుకోవలసినది కాదు. పుట్టింటివారికి, మీ సంఘ కాపరికి తెలియజేయండి, 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయడానికి వెనుకాడకండి.