డాక్టర్ సలహా: పైపు పొగాకును ఎన్నేళ్లు మాగబెడితే హాని తగ్గుతుంది?

ప్రశ్న: నా వయసు 61. మారేడ్‌పల్లిలో ఉంటాను. చాలా ఏళ్లుగా పైపు తాగుతున్నాను, పొగ లోపలికి పీల్చను. మా అబ్బాయి విదేశం నుంచి వర్జీనియా పొగాకు డబ్బాలు తెచ్చాడు. ఎన్నేళ్లు మాగబెడితే ఘాటు, హాని తగ్గుతాయి? రెండు నెలలుగా బుగ్గ లోపల తెల్లమచ్చ ఉంది, మందుల షాపువారు ఇచ్చిన ఆయింట్‌మెంట్ రాస్తున్నాను.

జవాబు: మీరు చివర్లో రాసిన తెల్లమచ్చ గురించే నేను ముందుగా చెప్పాలి. పొగాకు వాడేవారి నోట్లో, గీకినా పోని తెల్లమచ్చ కనిపిస్తే ల్యూకోప్లేకియా అని అనుమానిస్తాం. ఇవి చాలావరకు క్యాన్సర్ కావు, అయితే కొన్ని కాలక్రమంలో క్యాన్సర్‌గా మారే అవకాశం ఉంటుంది కనుక, నోరు చూడకుండా మీది ఏ రకమో చెప్పడం సరికాదు. మచ్చలో ఎరుపు కలిసినా, వేలికి గట్టిగా తగిలినా, మెడలో బిళ్ల కట్టినా మరింత త్వరపడాలి.

నోటిపూతకు షాపులో ఇచ్చే ఆయింట్‌మెంట్లలో తరచూ స్టెరాయిడో, తిమ్మిరి కలిగించే మందో ఉంటుంది. వాటితో మంట తగ్గుతుంది, మచ్చ మాత్రం అలాగే ఉండిపోతుంది. పైగా స్టెరాయిడ్ ఎక్కువ రోజులు రాస్తే నోట్లో ఫంగస్ పెరగవచ్చు. రెండు వారాల్లో మానని మచ్చను గానీ పుండును గానీ డాక్టరుకు చూపించాలి. మీరు రెండు నెలలు ఆగారు, ఇక ఆగకండి. ఈ వారంలోనే దంతవైద్యుణ్ణి గానీ ఈఎన్‌టీ నిపుణుణ్ణి గానీ కలవండి, అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్యశాలకైనా వెళ్లవచ్చు. బయాప్సీ అవసరమంటే, ముక్క తీస్తే జబ్బు పాకుతుందనే అపోహతో వాయిదా వేయవద్దు.

ఇక పొగాకు సంగతి. మూత బిగించిన డబ్బాలో వర్జీనియా ఆకు కొన్నేళ్లు మాగితే రుచి మెత్తబడుతుందంటారు, కానీ అది రుచికి సంబంధించిన మాటే. ఎన్నేళ్లు ఉంచినా క్యాన్సర్ కారకాలైన నైట్రోసమైన్లు పోవు, వేడిలో నిల్వ ఉంచితే అవి పెరగవచ్చు కూడా. కాల్చినప్పుడు తారు, కార్బన్ మోనాక్సైడ్ ఎలాగూ వస్తాయి. పైపు పొగను లోపలికి పీల్చకపోయినా నికోటిన్ కొంత నోటి పొర నుంచే రక్తంలోకి చేరుతుంది, పెదవి, నోరు, గొంతు క్యాన్సర్ల ముప్పూ తప్పదు. అందువల్ల డబ్బాలను మాగబెట్టమని గానీ, తెరవమని గానీ నేను సలహా ఇవ్వలేను.

మానడానికి సాయం కావాలంటే 1800 112 356కు ఉచితంగా ఫోన్ చేయండి. నికోటిన్ గమ్‌ను మాత్రం సొంతంగా మొదలుపెట్టకుండా, మీకు బీపీ, గుండె జబ్బు ఉంటే ఆ వివరాలు చెప్పి, నోరు చూసిన డాక్టరునే అడగండి.