ఐటీఐ సరే, అయిపోయాక ఏడాది సంగతేమిటి?

ప్రశ్న: మా అబ్బాయికి 15 ఏళ్లు. పదో తరగతి పాసయ్యాడు. ఇంట్లో ఫ్యాను, మిక్సీ ఏది పాడైనా వాడే విప్పి కూర్చుంటాడు. ఇంటర్ వద్దు, ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేస్తానంటున్నాడు. వాళ్ల నాన్న, చుట్టాలు ఒప్పుకోవడం లేదు. పని దొరుకుతుందా? పై చదువుల దారి మూసుకుపోతుందా? - ఓ తల్లి

జవాబు: అమ్మా, పై చదువుల టెన్షన్ పెట్టుకోకండి. ఎలక్ట్రీషియన్ రెండేళ్ల ట్రేడు (కోర్సు). పాసయ్యాక లేటరల్ ఎంట్రీలో, అంటే మొదటి ఏడాది చదవకుండా నేరుగా, పాలిటెక్నిక్ రెండో సంవత్సరానికి వెళ్లే వీలుంది.

నాకు దిగులంతా ఐటీఐ అయిపోయాక వచ్చే ఏడాది గురించే. 17 ఏళ్లకు సర్టిఫికెట్ చేతికొస్తుంది. అప్రెంటిస్‌షిప్‌కు, అంటే ఓ సంస్థలో పనిచేస్తూ నేర్చుకోవడానికి, చట్టప్రకారం 14 నిండితే చాలు గానీ, ప్రమాదకర పరిశ్రమల ట్రేడ్లకు 18 నిండాలి. మీవాడికి అలాంటి చోటే దొరికితే ఏడాది ఆగాల్సిందే. ఈ ఖాళీలోనే పిల్లలు ఏదో ఒక పనిలో పడి, నేర్చుకున్నది గాలికొదిలేస్తారు. ఆ నెలల్లో డ్రాయింగ్ చదవడం, కంప్యూటర్ నేర్పించండి, పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకు కూర్చోబెట్టండి. నాలుగు డబ్బులొస్తాయని కరెంటు స్తంభాలెక్కే పనికి మాత్రం పంపొద్దు.

18 నిండగానే అప్రెంటిస్‌గా చేర్చండి. 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవాలని 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద నిబంధన ఉంది. స్టైపెండ్ ఇస్తారు, చివర పరీక్ష పెట్టి జాతీయ సర్టిఫికెట్ ఇస్తారు. 'ఎక్కడైనా చేశావా?' అని అడిగినప్పుడు చూపించడానికి అదే ఆధారం. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టులకూ ఎలక్ట్రీషియన్ ఐటీఐ పనికొస్తుంది.

ఇక కాలేజీ. ఐటీఐకి కేంద్ర ప్రభుత్వ శిక్షణ విభాగం డీజీటీ గుర్తింపు (ఇదివరకు ఎన్‌సీవీటీ గుర్తింపు అనేవారు) ఉందో లేదో చూశాక, ప్రాక్టికల్ గంటలో వెళ్లండి. ఒక్కో పిల్లాడి ముందు ఒక్కో వైరింగ్ బోర్డు ఉందా, లేక ఒకడు స్క్రూ బిగిస్తుంటే పదిమంది చుట్టూ నిలబడి చూస్తున్నారా? మోటారుకు పిల్లలే వైండింగ్ చుడుతున్నారా, చుట్టి పెట్టిన పాత మోటారునే ఏటా చూపిస్తున్నారా? పోయిన బ్యాచ్ పిల్లలు ఎక్కడున్నారని అడగండి. గోడ మీది ఫొటోలు చూపించి సరిపెడితే నమ్మకండి, ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకుని మాట్లాడండి. 'హాజరు మేం చూసుకుంటాం, పరీక్షకు వస్తే చాలు' అన్నారో, అట్నుంచి అటే వచ్చేయండి.

వెళ్లేటప్పుడు వాళ్ల నాన్నగారినీ తీసుకెళ్లండి. చుట్టాల సంగతి తర్వాత చూసుకోవచ్చు.