అభిప్రాయ పత్రాలు చదవబోయే మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి, పెద్దమావయ్య ఆశీస్సులు.

ఆసుపత్రిలో రోగుల అభిప్రాయాలు సేకరించే బాధ్యత నీకు అప్పగించారని రాశావు. ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసి, రిటైరయ్యాక కొంతకాలం ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కూడా ఉన్నవాడిగా చెబుతున్నాను: పత్రంలోని మార్కులు చూసే ముందు, ఆ వైద్యానికి డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకో.

ప్రభుత్వ ఆసుపత్రిలో భర్తకు హెర్నియా ఆపరేషన్ చేయించిన ఒక కూలీ ఆవిడ, నేను అడిగిన ప్రతిదానికీ "బాగుందయ్యా" అనే చెప్పింది. ఆవిడ మూడు రాత్రులు మంచం పక్కన కటిక నేల మీద పడుకున్నదనీ, స్కానింగు బయట చేయించుకు రమ్మంటే చెవి కమ్మలు తాకట్టు పెట్టిందనీ మా ఆయా చెబితే గాని నాకు తెలియలేదు. ఇంతకంటే మెరుగైనది అడగవచ్చని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. పైగా రేపు జబ్బు చేస్తే మళ్లీ ఆ గుమ్మమే తొక్కాలి. ప్రైవేటు ఆసుపత్రిలో అప్పు తెచ్చి బిల్లు కట్టినవాడు దుప్పటి మీద మరకకు సైతం మండిపడేవాడు. ఆ కోపంలో వడ్డీ కూడా కలిసి ఉంటుంది.

2007లో పేదలకు ఉచిత వైద్యం అందించే ప్రభుత్వ పథకం ఆరోగ్యశ్రీ మొదలయ్యాక తెల్లకార్డువారు కార్పొరేట్ ఆసుపత్రుల మెట్లెక్కగలిగారు. ఆపరేషన్ ఖర్చూ, రోగి భోజనమూ, ఇంటికి వెళ్లాక వాడే 10 రోజుల మందులూ ప్యాకేజీలోనే వస్తాయి గాని, తోడు వచ్చిన కొడుకు పోగొట్టుకున్న కూలి అందులో రాదు. పొద్దున డిశ్చార్జి రాసి కాగితాలు సాయంత్రం చేతికిస్తే, నెలజీతం ఉన్నవాడు విసుక్కుని ఊరుకుంటాడు. ఊరికి పోయే ఆఖరి బస్సు తప్పిన కూలివాడికి మాత్రం మర్నాటి పని కూడా పోతుంది.

కాబట్టి ఆరోగ్యశ్రీ, ఉద్యోగుల ఆరోగ్య పథకం, ప్రైవేటు బీమా, చేతి డబ్బు అని పత్రాలను ముందే విడదీయి. అన్నిటినీ కలిపి సగటు తీస్తే నీకేమీ తెలియదు. నర్సు పక్కన నిలబడి ఉండగా పత్రం నింపించవద్దు. వారం తర్వాత ఇంటికి ఫోన్ చేసి, "ముందు చెప్పిన ఖర్చుకూ చివరికి అయిన ఖర్చుకూ ఎంత తేడా వచ్చింది?" అని మర్యాదగా అడుగు. నేను చూసినంతలో, పెద్ద బిల్లు కంటే చెప్పని బిల్లే ఎక్కువ గొడవలు తెచ్చింది. బీమా ఉందని నిశ్చింతగా ఉన్నవారికి, చాలా బీమాలు విడిగా చెల్లించని గ్లౌజులు, దూది ఖర్చులు చివరి రోజున చూపిస్తే అంతవరకూ చేసిన సేవంతా వారి దృష్టిలో కొట్టుకుపోతుంది.

మొదటి నెల పత్రాలు ఇలా విడదీశాక, సంక్రాంతికి వచ్చేటప్పుడు వెంట తీసుకురా. ఇద్దరం కూర్చుని చదువుదాం.