ఫియట్ కొంటానన్న అల్లుడికి

నల్లగొండ,
ఆదివారం రాత్రి

చిరంజీవి అల్లుడికి మీ మేనమామ దీవించి రాయునది. ఉభయకుశలోపరి.

నిన్న పొద్దున మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నా, వీడు పాత కారు కొంటడట, పిచ్చి పట్టింది వీడికి, నువ్వే చెప్పాలె" అన్నది. పాత కారంటే ఏ మారుతినో అనుకున్నాను. ఫియట్ అనేసరికి చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. నీ జీతం నీ ఇష్టం, నేను కాదనను. నిజం చెప్పాలంటే లోపల గర్వంగానే ఉంది. నా కొడుకులిద్దరికీ కారంటే ఏసీ, పాటలు, అంతే. నువ్వు మాత్రం ఆరేళ్ళప్పుడే డిపోకు వచ్చి, బస్సు కింద దూరి, కొత్త అంగీకి గ్రీజు పూసుకుని మీ అమ్మ చేతిలో దెబ్బలు తిన్నవాడివి. అయినా రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్‌లో అయితే నువ్వు "సరే మామా, సరే మామా" అంటావు, నేను చెప్పాల్సింది చెప్పకుండానే పెట్టేస్తాను. అందుకే రాస్తున్నాను.

నువ్వు పంపిన ఫొటోలు, ప్రకటన మీ అత్త ఫోన్‌లో చూశాను. "1968 మోడల్ ప్రీమియర్ పద్మిని, సింగిల్ ఓనర్, అంతా ఒరిజినల్" అని ఉంది. అల్లుడా, 1968లో పద్మిని అనే పేరే లేదు. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్ళు అప్పుడు చేస్తున్నది ఫియట్ 1100 డిలైట్. పద్మిని అని పేరు మార్చింది 1974లో. 1968ది అయితే అది పద్మిని కాదు, పద్మిని అయితే 1968ది కాదు. మొదటి మాటే ఇట్లా ఉంటే, సింగిల్ ఓనర్ సంగతి, ఒరిజినల్ సంగతి ఏమిటో నువ్వే చూసుకో.

పాపం, తెలియక రాశాడేమో అంటావు. నాకట్లా అనిపించడం లేదు. 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకు వేరే రూలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా ఉంటే దానికి వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్తగా చేయిస్తే ఫీజు 20,000, పదేళ్ళు చెల్లుతుంది. అందుకని 1985 బండికి 1968 అని బొట్టు పెట్టి అమ్మేవాడు ఉంటాడు. ఇంకో మాట, ఆ వీఏ నంబరు బండిని రోజూ తోలడానికి లేదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకు, అంతే. నువ్వేమో మీ అమ్మను కూర్చోబెట్టుకుని నెలనెలా యాదగిరిగుట్ట పోదామంటున్నావట. దేవుడి దగ్గరికి పోయేది మామూలు రిజిస్ట్రేషన్ ఉన్న బండిలో, ఫిట్‌నెస్ చేయించి పోవాలి.

అన్ని ఫొటోల్లోనూ నంబరు ప్లేటు మీద బొటనవేలు పెట్టి తీశాడు. నాకు అన్నిటికంటే భయం వేసింది ఆ వేలు చూసి. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇంజన్ గురించి ఎక్కువ రాయను, నేను వస్తాను కదా. నువ్వు వెళ్ళేసరికి బానెట్ చల్లగా ఉండాలి. వాడు ముందే స్టార్ట్ చేసి వేడి చేసి పెడితే చాయ్ తాగి తిరిగి రా. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోందని లెక్క. ఆయిల్ మూత తీస్తే లోపల మజ్జిగ లాంటి జిగురు కనిపిస్తే నీళ్ళు కలుస్తున్నాయి. గేరుబాక్సులో రంపపు పొట్టు పోసి చప్పుడు అణిచే మహానుభావులను కూడా చూశాను. ఒక అయస్కాంతం పల్చటి గుడ్డలో చుట్టి తలుపుల కింది అంచుల్లో, చక్రాల పైన, డిక్కీ అడుగున పెట్టి చూడు. అంటుకోకపోతే అక్కడ రేకు లేదు, లప్పం ఉంది. తలుపు మడతల్లో, డ్యాష్‌బోర్డు కింద టార్చి వేస్తే నలుపు, పసుపు పెయింటు కనిపించిందా, అది బొంబాయిలో టాక్సీగా తిరిగిందన్నమాట. అక్కడ టాక్సీలకు ఇరవై ఏళ్ళే గడువు, చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో ఆగిపోయింది. మీటరు నమ్మకు. ఆ కాలపు మీటర్లలో చాలావాటికి అయిదంకెలే, 99,999 దాటితే మళ్ళీ సున్నా నుంచే మొదలు. "నలభై వేలే తిరిగింది" అంటే ఎన్నో నలభై వేలు అని అడగాలి.

మర్చిపోయాను, రేడియేటర్లో మన బోరు నీళ్ళు పోయకు. ఈ జిల్లా నీళ్ళకు మనుషుల ఎముకలే వంగిపోయాయి. ఉప్పు పేరుకుని రేడియేటర్ గొట్టాలు మూసుకుపోవడం నేను డిపోలో రోజూ చూసేవాడిని.

ఇక అసలు సంగతి. చిన్నప్పుడు మీ అమ్మ పెళ్ళి ఆల్బంలో బిస్కెట్ రంగు ఫియట్ చూసి "ఇది మన కారే కదా, ఏమైంది మామా?" అని అడిగేవాడివి. అమ్మేశాను అనేవాడిని. అమ్మలేదు.

1986 వేసవిలో మీ అమ్మ పెళ్ళి. నాకు అప్పుడు 27 ఏళ్ళు, డిపోలో మెకానిక్‌గా చేరి అయిదేళ్ళు. మా వాడలో ఆడపిల్లను పంపాలంటే కిరాయి జీపు, లేకపోతే ట్రాక్టరు. నా చెల్లె నా సొంత కారులో పోవాలె అని పంతం పట్టాను. కొత్త ఫియట్‌కు బుక్ చేసి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన కాలం అది. మారుతి వచ్చింది కానీ మా అంతస్తుకు అందదు. ఎవరో చెప్పారు, హైదరాబాదులో ఒకాయన మంచి ఫియట్ అమ్ముతున్నాడని. ధర 31,000. సొసైటీ లోను 15,000 వచ్చింది. మిగతాది మీ అమ్మమ్మ మెడలోని గుండ్ల పేరు.

పెద్ద ఇల్లు, పోర్టికోలో బండి. తెల్ల లాల్చీ వేసుకున్న మనిషి. ఇది అన్నయ్యది, ఆయన డాక్టరు, అమెరికా వెళ్ళిపోయాడు అన్నాడు. ఇత్తడి గ్లాసులో మజ్జిగ ఇప్పించాడు. నేనేం చేస్తానో అడిగాడు. చెప్పాను. "అరె, మీరు మెకానిక్కా! అయితే మీకు నేను చెప్పేదేముంటుంది, మీరే చూసుకోండి" అని పక్కకు జరిగాడు. ఆ ఒక్క మాటతో వాడు నన్ను కొన్నాడు, నేను బండి కొనలేదు.

మూడు గంటలు చూశాను. ప్లగ్గులు తీశాను, కార్బొరేటర్ విప్పాను, కింద పడుకుని ఒక్కో బోల్టు తట్టాను. లోపం లేదు. లోపం ఎందుకుంటుంది, ఎవరో ప్రాణంగా చూసుకున్న బండి అది. బానెట్ ఎత్తినప్పుడు ఛాసిస్ నంబరు కొట్టిన చోట నా బొటనవేలు ఆనింది. గరుకుగా తగిలింది. చుట్టూ రేకు నున్నగా ఉంది, అక్కడ మాత్రమే గరుకు, రంగు కూడా అక్కడ కాస్త కొత్తది. ఆకురాయి పెట్టిన ఇనుము చేతికి ఎట్లా తగులుతుందో నాకంటే ఎవరికి తెలుసు? రోజూ నేను చేసే పనే కదా. అయినా "తుప్పు పట్టకుండా రంగు వేయించారు, ఎంత జాగ్రత్త మనుషులు" అనుకున్నాను. వేలు చెప్తూనే ఉంది. నా తలలో అప్పటికే బండికి బంతిపూలు కట్టేశాను.

ఆర్సీ పుస్తకం అసలుదే. బదిలీ కాగితం మీద అన్నయ్య సంతకం ముందే పెట్టి ఉంది, వెళ్ళేముందు పెట్టి వెళ్ళాడట. డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను. దారంతా నార్కట్‌పల్లి దాకా హారన్ కొట్టుకుంటూ వచ్చాను, సిగ్గు లేకుండా.

పెళ్ళయింది. మీ అమ్మను, మీ నాన్నను వెనక కూర్చోబెట్టుకుని దేవరకొండ దారిలో తీసుకుపోయాను. కొండమల్లేపల్లి దగ్గర ఆపి సోడా తాగించాను. మీ అమ్మ ఏడుపు ఆపి కారు కిటికీ అద్దం దించడం, ఎక్కించడం చేస్తూ నవ్వింది. నా జీవితంలో అంత గొప్ప ప్రయాణం మళ్ళీ లేదు.

వారం తర్వాత పేరు మార్పించుకుందామని ఆర్టీఓ ఆఫీసుకు పోయాను. గుమాస్తా రిజిస్టరు తిప్పి, అద్దాలు పైకి జరిపి, "ఈ నంబరు బండి యాక్సిడెంటులో తుక్కయినట్టు రాసుంది, మీ దగ్గర ఎట్లా ఉంది? ఒకసారి బండి తీసుకురండి" అన్నాడు. రేపు తెస్తానని చెప్పి వచ్చాను. మళ్ళీ పోలేదు.

అల్లుడా, నేను మోసపోయింది హైదరాబాదులో కాదు. మోసపోయానని ఆర్టీఓ ఆఫీసు కిటికీ దగ్గర తెలిసి, నోరు మూసుకుని ఇంటికి వచ్చిన రోజున. అమ్మమ్మకు ఏం చెప్పను? డిపోలో అందరికీ దావత్ ఇచ్చాను, వాళ్ళకేం చెప్పను? మెకానిక్ అయ్యుండి మోసపోయాడు అంటారు. ఇరవై రోజులు బండి మీద గుడ్డ కప్పి, తెలిసీ తెలియనట్టు తిరిగాను. ఆ తెల్ల లాల్చీ మనిషి అప్పటికింకా ఆ ఇంట్లోనే ఉన్నాడట. నెల కిరాయికి తీసుకున్న ఇల్లు. ఆ సాయంత్రమే బస్సెక్కి ఉంటే దొరికేవాడు.

తర్వాత పోలీసులు వచ్చారు, బండి అసలు యజమానిని వెంటబెట్టుకుని. తుక్కు బండి ఆర్సీ కొని, దాని నంబరును దొంగ బండి మీద కొట్టారు. ఆ పెద్దాయన ఎవరితోనూ ఏమీ అనలేదు. వెనక సీటు పైకెత్తమన్నాడు. కింద రేకు మీద మేకుతో గీసిన చిన్నపిల్ల పేరు ఉంది. తన బిడ్డ గీసిందన్నాడు. మూడు గంటలు బోల్టులు తట్టినవాడిని, సీటు ఎత్తి చూడలేదు నేను. సీటు సందులో ఎండిపోయిన బంతిపూలు ఉంటే ఆయన తీసి చేతిలో పట్టుకుని "ఎవరి పెళ్ళి బాబూ?" అని అడిగాడు. నేను చెప్పలేకపోయాను.

ఆ రాత్రి స్టేషన్ బెంచీ మీద కూర్చున్నాను. ఆర్టీఓ దగ్గర సంగతి తెలిసి కూడా ఎందుకు చెప్పలేదని వాళ్ళు అడిగిన ప్రతిసారీ నా ఉద్యోగం పోయినట్టే అనిపించింది. చివరికి సాక్షిగా రాసుకున్నారు, రెండేళ్ళు కోర్టు చుట్టూ తిరిగాను. డబ్బు రాలేదు. దొంగ సొమ్ము ఎంత పెట్టి కొన్నా కొన్నవాడిది కాదు, చట్టం అంతే. మీ అమ్మమ్మ పోయేదాకా మెడలో పుస్తెలతాడు తప్ప ఇంకోటి లేదు. ఒక్క మాట కూడా అనలేదు నన్ను. అన్నా బాగుండేది.

అందుకే చెప్తున్నాను. ముందు బండి నంబరు అడుగు. ఇవ్వనంటే అక్కడితో సరి. ఇస్తే ఎంపరివాహన్ అనే సర్కారు యాప్‌లో కొట్టి చూడు, ఓనర్ పేరు కొన్ని అక్షరాలే కనిపించినా ఎప్పటి రిజిస్ట్రేషనో, లోను ఉందో లేదో తెలుస్తుంది. పాత బండ్ల వివరాలు కొన్ని కంప్యూటర్లోకి ఎక్కి ఉండవు. అప్పుడు ఏ ఆఫీసులో రిజిస్టర్ అయిందో అక్కడికి పోయి వాళ్ళ రిజిస్టరు ప్రకారం కాగితం తీయించు, ఒకరోజు సెలవు పోతే పోయింది. వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28 ఎన్ఓసీ, అంటే అక్కడి ఆఫీసు అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం, లేకుండా కదలకు. పేరు మార్పుకు ఇచ్చే 29, 30 ఫారాల మీద ఓనర్ నీ కళ్ళ ముందు సంతకం పెట్టాలి. ముందే పెట్టిన సంతకం చూపిస్తే నా ఇత్తడి గ్లాసు గుర్తు తెచ్చుకో. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయి, ఆర్సీతో ఒక్కో అంకె సరిచూడు. తర్వాత వేలు పెట్టి చూడు. "నేను మిలిటరీలో ఉన్నాను, బదిలీ అయింది, రవాణా ఖర్చు ముందు పంపు" అనేవాడైతే అసలు మాట్లాడకు, ఆ కథకు చాలామంది బలయ్యారు.

నిన్న ఫోన్ పెట్టేముందు మీ అమ్మ అన్నది, "నంబరు మీద వేలు పెట్టి చూడమను అన్నా వాడిని." ఆ వేలి సంగతి నేను మీ అత్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు. కారు అమ్మేశానని మీ అమ్మకు కూడా చెప్పాను, ఆమె కూడా ఇన్నేళ్ళూ సరే అన్నట్టే ఉంది. ఎప్పటినుంచి తెలుసో అడిగే ధైర్యం నాకు లేదు. నువ్వు కూడా అడగకు.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు వస్తాను. అయస్కాంతం, టార్చి నా దగ్గర ఉన్నాయి. నువ్వు డబ్బు మాత్రం తేకు. నాకు బండి నచ్చితే ఆ రోజు కాదు, మరో రోజు మళ్ళీ పోదాం.

అన్నట్టు, బయానా ఇచ్చావా? ఇవ్వకపోతే ఇవ్వకు. ఇచ్చి ఉంటే, వాడు ఫోన్ ఎత్తడం మానేసి ఉంటే, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఇప్పుడే ఫోన్ చెయ్యి, ఆలస్యమైన కొద్దీ డబ్బు చేజారుతుంది. తర్వాత నాకు చెయ్యి, ఎంత ఇచ్చావో కూడా చెప్పు. తిట్టను. కాదు, తిడతాను, కానీ తిడుతూనే బస్సెక్కుతాను.

మీ మామ