మైకు అందుకునే ముందు

చిన్నోడికి మామయ్య దీవెనలు.

బ్రిస్టల్‌లో ఎవరో సౌండ్ సిస్టమ్ వాళ్లు నీకు మైకు ఇస్తామన్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. కొడుకు చదువు మానేసి పెళ్లిళ్లలో పాటలు పెట్టుకుంటాడేమోనని దానికి ఒకటే టెన్షన్. జమైకా వాళ్ల లెక్కలో సౌండ్ సిస్టమ్ అంటే పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి డాన్సులు నడిపే బృందం, పొట్టిగా సౌండ్ అంటారు, అందులో రికార్డు పెట్టేవాడు సెలెక్టర్, పాట మీద మాటలు కట్టేవాడు డీజే అని వివరంగా చెప్పాను. ఇంకా భయపడింది.

నేను బర్మింగ్‌హామ్‌లో ఇరవై ఏళ్లకు పైగా ఆంప్లిఫయర్లు బాగుచేశాను. అక్కడి హ్యాండ్స్‌వర్త్ పేట సౌండ్ సిస్టమ్‌ల వాల్వ్ ఆంపులు ఎన్ని నా బల్ల మీదికి వచ్చాయో లెక్కలేదు. ఆ చనువుతో 1983లో ఒక రాత్రి నాకూ మైకు దొరికింది. పాడేవాడు పల్లవి ఎత్తుకున్నాడు, నేనూ ఎత్తుకున్నాను. సెలెక్టర్ రికార్డు మీంచి సూది తీసేశాడు. పాట ఆగిపోయింది, గదిలో నా గొంతొక్కటే మిగిలింది. జనం నవ్విన నవ్వు ఇప్పటికీ చెవిలో ఉంది. తర్వాత ఆ సెలెక్టరే నన్ను పక్కకు పిలిచి, పాడేవాడు ఊపిరి తీసుకునే సందు మాత్రమే నీదని చెప్పాడు. బుర్రకథలో వంత పాడేవాడికి తెలిసిన సంగతే, నాకు ఆ రోజుదాకా తట్టలేదు.

అందుకే నువ్వు ముందు కౌంట్ మచుకీ గురించి తెలుసుకోవాలి. అసలు పేరు విన్‌స్టన్ కూపర్. జమైకాలో మొదటి డీజే ఈయనే అంటారు. బయట ఈ పేరు విన్నవాళ్లు తక్కువ. 1950లలో కింగ్‌స్టన్‌లో టామ్ ద గ్రేట్ సెబాస్టియన్ అనే సౌండ్‌లో మొదలుపెట్టి, తర్వాత కాక్సన్ డాడ్ నడిపిన డౌన్‌బీట్‌కి వెళ్లాడు. అప్పుడు ఆడేవి ఎక్కువగా అమెరికా నుంచి తెచ్చిన రిథమ్ అండ్ బ్లూస్ రికార్డులు. పాట మొదలు నుంచి చివరిదాకా గాయకుడో, శాక్సొఫోనో వినపడుతూనే ఉండేది. డీజేకి చోటెక్కడ? మచుకీ పాటకు ముందు మాట్లాడాడు, మధ్యలో దొరికిన చిన్న సందుల్లో మాట్లాడాడు. పాట చప్పబడినచోట నోటితో టిక్కుటిక్కుమని దరువు వేశాడు. మాటల కోసం అమెరికా రేడియో అనౌన్సర్లను విన్నాడు, న్యూయార్క్‌లోని హార్లెమ్ యాస అచ్చేసిన పత్రిక కొనుక్కుని చదివాడు.

ఆ నోటి దరువు తర్వాత స్కా అనే జమైకా డాన్సు సంగీతం రికార్డుల్లోకీ ఎక్కింది. లేబుల్ మీద చాలాసార్లు ఆయన పేరు లేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నువ్వు స్టూడియోకి వెళితే నీ పేరు, నీ వాటా కాగితం మీద పెట్టించుకున్నాకే బయటికి రా. మొహమాటపడకు. నా కళ్లముందే ఎంతోమంది కుర్రాళ్ల గొంతులు క్యాసెట్లలో ఊళ్లు తిరిగాయి, వాళ్ల చేతికి మాత్రం ఒక్క పౌండు రాలేదు.

1960ల చివర్లో జమైకాలోని స్పానిష్ టౌన్‌లో సౌండ్ నడిపే రడీ రెడ్‌వుడ్‌కి, ఇంజినీరు పొరపాటున గొంతు కలపకుండా ఒక పాటను రికార్డుగా కోసి ఇచ్చాడు. ఆయన దాన్ని అలాగే ఆడిస్తే గాయకుడు లేని పాటను జనమే అందుకుని పాడారు. అక్కడి నుంచి రికార్డు రెండోవైపు గొంతు లేని 'వెర్షన్' వేయడం అలవాటైంది. డీజేకి పాటంతా ఖాళీ దొరికింది. 1970లో యు-రాయ్ అనే డీజే ఆ ఖాళీలో నిలబడే వరుసగా హిట్లు కొట్టాడు. మచుకీ పేరుతో వచ్చినవి అతి కొద్ది రికార్డులు. నీకు ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో వేల వెర్షన్లు దొరుకుతాయి. అయినా మొదటి ఆరు నెలలు గాయకుడున్న పాటల మీదే సాధన చెయ్యి. సందు వెతకడం అలా అయితేనే వస్తుంది.

ఇంకో సంగతి. డాన్సుల్లో స్టెప్పులేస్తున్న ఒక కుర్రాణ్ణి గమనించి, మైకు పట్టి చూడమన్నది మచుకీయే. 1956లో మైకు పట్టిన ఆ కుర్రాడే కింగ్ స్టిట్. పుట్టుకతోనే ముఖం వంకర. వేరేవాళ్లు వెక్కిరించేలోగా తానే 'ద అగ్లీ వన్' అని పేరు పెట్టుకున్నాడు. అతని పాట 'ఫైర్ కార్నర్' వచ్చింది 1969లో. మధ్యలో పదమూడేళ్లు. నువ్వు మూడు నెలలకే యూట్యూబ్ వ్యూస్ లెక్కపెట్టుకుంటావు, నాకు తెలుసు.

జమైకా యాస అరువు తెచ్చుకోకు. వాళ్లు నీ ముందు నవ్వరు, నువ్వు వెళ్లాక నవ్వుతారు. లండన్‌లో స్మైలీ కల్చర్ అనే డీజే 1984లో తూర్పు లండన్ యాస కాక్నీ, జమైకన్ రెండూ పక్కపక్కన పెట్టి హిట్ కొట్టాడంటే ఆ రెండూ అతని ఇంటి భాషలే. నీకు గుంటూరు ఇంగ్లిష్ ఉంది, దాంతో మొదలుపెట్టు.

మొదటి రోజే మైకు అడగకు. పెట్టెలు మొయ్యి. పద్దెనిమిది అంగుళాల స్పీకరున్న పెట్టెను ఇద్దరు పట్టుకోవాలి, మోకాళ్లు వంచి ఎత్తు, నడుముతో కాదు. సెలెక్టర్ వెనక నిలబడి ఏ రికార్డు తర్వాత ఏది తీస్తాడో చూడు. చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ తప్పకుండా పెట్టుకో. నాకు ఎడమచెవిలో రాత్రింబవళ్లు గుయ్యిమంటూనే ఉంటుంది, అందుకే మీ అమ్మ ఫోన్‌ని కుడివైపు పెట్టుకుంటాను.

పరీక్షలు అయ్యాక శనివారం చూసుకుని రైలెక్కి రా. నా దగ్గర పాత డాన్సు క్యాసెట్లు ఓ అట్టపెట్టెడు ఉన్నాయి. క్యాసెట్ ప్లేయర్ బెల్టు తెగింది, నువ్వు వచ్చేలోపు మార్చి ఉంచుతాను.

మామయ్య