జిల్లేడు మీద చారల పురుగు దోసకు రాదు

ప్రశ్న: కొత్తపట్నం దగ్గర ఇసుక నేలలో అరెకరం దోస వేశాం. పూత బాగుంది గానీ పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయి. గట్టు మీద జిల్లేడు ఆకులను నలుపు, పసుపు చారల పురుగులు తినేస్తున్నాయి. అవే దోసకు పాకాయంటూ షాపులో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఇచ్చారు. ఉదయం పూట రెండుసార్లు కొట్టినా రాలడం ఆగలేదు. జిల్లేడు నరికేయమంటారా?
– ఒక రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: నరకొద్దు. ఆ పురుగు దోస ఆకు ముట్టదు. అది ప్లెయిన్ టైగర్ అనే నారింజ రంగు సీతాకోకచిలుక గొంగళి పురుగు. జిల్లేడు, దుష్టపుతీగ జాతి మొక్కలే దాని తిండి. సుమారు రెండు వారాలు తిని గూడు కట్టుకుంటుంది, జిల్లేడు మళ్లీ చిగురిస్తుంది.

ముందు రాలిన పిందెలను పది కోసి చూడండి. లోపల తెల్లటి పురుగులుంటే పండు ఈగ, ఎకరాకు 10 చొప్పున క్యూలూర్ ఎర బుట్టలు కట్టండి. పురుగు లేకపోతే ఆడ పువ్వుకు పుప్పొడి అందక పిందె రాలుతోందని, మీరు కొట్టిన మందు తేనెటీగలను దూరం చేసి దాన్ని ఇంకా పెంచిందని నా అనుమానం. దోసలో మగ పువ్వు, ఆడ పువ్వు వేరు. పువ్వు ఉదయం విచ్చుకుంటుంది, ఆ పూటే తేనెటీగ పుప్పొడి చేర్చాలి. సరిగ్గా ఆ వేళకే మీరు మందు కొట్టారు. పైగా కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడకం 2005లోనే నిషేధించారు. పొలం చూడకుండా డబ్బా చేతిలో పెట్టే షాపు వాళ్ల మాట వినొద్దని ఎన్నిసార్లు చెప్పినా ఇదే జరుగుతోంది. మందు పడ్డ కాయలు అమ్మొద్దు, ఇంట్లో వండొద్దు.

పది రోజులపాటు ఉదయం 6 నుంచి 9 లోపు మగ పువ్వు కోసి, రేకులు తీసి, రెండు మూడు ఆడ పువ్వులకు అద్దండి. రసం పీల్చే పురుగులు కనిపిస్తేనే 1500 పి.పి.ఎం వేపనూనె లీటరు నీటికి 5 మి.లీ. కలిపి సాయంత్రం 5 తర్వాత పిచికారీ చేయండి.

జిల్లేడును ఇంకా పెంచండి. దాని పూలకు తుమ్మెదలు వస్తాయి, కంది, మునగ పంటలకు అవే కావాలి. జిల్లేడు మీది పసుపు పేనును తినడానికి అక్షింతల పురుగులు చేరతాయి. ఆ పేను దోసకు రాదు. రథసప్తమికి ఏడాకుల కోసం ఊరంతా వెతుక్కునే మొక్క అది, గట్టున నాలుగు ఉంటే ఏం బరువు? తొలకరి జల్లులకు గింజ వేయండి, లేదా జానెడు కొమ్మ కోసి పాలు ఆరాక నాటండి. మొక్కకూ మొక్కకూ 2 మీటర్లు ఉంటే చాలు, ఎరువు అక్కర్లేదు. గింజలు పొలంలోకి ఎగరకుండా కాయలు పగలకముందే కోసేయండి. కోసేటప్పుడు పాలు కంట్లో పడితే వెంటనే నీళ్లతో బాగా కడిగి కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.