పెన్నుల కొట్టు పెడుతున్న అమ్మాజీకి

అమ్మాజీ,

మీ నాన్న మొన్న రాత్రి ఫోన్ చేశాడు. వానల గురించీ, కొబ్బరికాయ ధర గురించీ చెప్పి చెప్పి, పెట్టేసే ముందు అసలు సంగతి బయటపెట్టాడు. నువ్వు హైదరాబాదు ఉద్యోగం మానేశావంట. అమలాపురంలో గడియార స్తంభం సెంటర్ దగ్గర గది అద్దెకి తీసుకుని ఇంకు పెన్నులు బాగుచేసే కొట్టు పెడతావంట. వాడు బాధపడుతూ చెప్పాడో గర్వపడుతూ చెప్పాడో నాకు అంతుపట్టలేదు. నేను మాత్రం ఆ రాత్రి సరిగ్గా పడుకోలేదు. మీ పెద్దమ్మ అడిగితే దోమలన్నాను.

ఉద్యోగం మానడం గురించి నేనేమీ అనను. అనాల్సినవాళ్లంతా ఈపాటికి అనేసి ఉంటారు. అప్పు చేసి మాత్రం మొదలెట్టకు. ఆ ఊసు ఇంతటితో సరి.

దస్తావేజులు రాసి పిల్లల్ని పెంచినవాణ్ణి నేను. రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద కూర్చున్నన్నాళ్లూ పెన్ను మొరాయిస్తే ఆ పూట కూడు మొరాయించినట్టే. అందుకని నాకు తెలిసింది రాస్తున్నాను. నువ్వు వీడియోలు చూసి నేర్చుకున్నావని మీ నాన్న చెప్పాడు. చూడు, తప్పులేదు. ఇది కూడా చదువు.

నీ దగ్గరకొచ్చేవాళ్లలో చాలామంది చెప్పే జబ్బు ఒక్కటే: "రాయట్లేదండీ, పూడుకుపోయింది." ఆ మాట వినగానే పెన్ను విప్పకు. ముందు ఇంకుందో లేదో చూడు. నవ్వకు, లేకుండానే తెస్తారు. తర్వాత పాళీని వెలుతురుకి ఎత్తి, మధ్య చీలికలో కాగితం పీచు ఇరుక్కుందేమో చూడు. నాసిరకం కాగితం మీద రాసేవాళ్లకి ఇది మామూలే. ఆ తర్వాత వాళ్ల తల వంక చూడు. నిజంగానే చెబుతున్నాను. బడిలో పాళీ మీద ఇంకు ఎక్కువైతే జుట్టుకి తుడుచుకునేవాళ్లం కదా, పెద్దవాళ్లలో కొందరికి ఆ అలవాటు ఇంకా పోలేదు. కోనసీమ తలకాయలకి కొబ్బరినూనె ఉండనే ఉంటుంది. పాళీకి నూనె అంటితే ఇంకు దాని మీద నిలవదు, జారిపోతుంది. దానికి గోరువెచ్చన కూడా కాని నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి తుడిస్తే చాలు. డబ్బులు తీసుకోకు.

ఇవేవీ కాకపోతే అప్పుడు పూడికే. పాళీ కింద ఉండే నల్లటి ఫీడ్‌లో సన్నటి గాడి ఉంటుంది. ఇంకు ఆ గాడి వెంట కిందికి దిగుతుంది, దిగినంత మేరా గాలి అటే పైకి పోవాలి. పాళీ కొనని నీళ్లలో ముంచి రాసి చూడు. ఒకటి రెండు లైన్లు లేతరంగులో పడి ఆగిపోతే పాళీ బాగానే ఉంది, ఫీడ్‌లోనే అడ్డుంది. నిండా ఇంకున్నా అరపేజీ శుభ్రంగా రాసి ఆపైన ఎండిపోతే గాలి పోయే దారి మూసుకుంది. అసలు చుక్కే రాకపోతే ఎండిన ఇంకు రెండు చోట్లా పట్టింది. ఈ తేడా తెలిస్తే సగం పెన్నులు విప్పాల్సిన పనే ఉండదు.

మందు చన్నీళ్లు. మూత తీసి, లోపలి ఇంకు పారబోసి, పాళీ మునిగేంత నీళ్లున్న గ్లాసులో నిలబెట్టి రాత్రంతా వదిలెయ్. పొద్దున్నకి నీళ్లు నీలంగా మారుంటాయి. మార్చి మళ్లీ పెట్టు. పసిపిల్లల చెవులూ ముక్కూ కడిగే రబ్బరు బుడ్డి మందులషాపులో దొరుకుతుంది. దాన్ని పెన్ను మెడ వెనకవైపు ఆనించి మెల్లిగా నీళ్లు నొక్కు. నీళ్లు తేటగా వచ్చేదాకా అదే పని. తర్వాత పాళీని కిందికి పెట్టి, మెత్తటి గుడ్డ మీద ఆరనివ్వు. పదేళ్లు ఎండిన పెన్నుకి రెండు మూడు రోజులు కూడా పట్టొచ్చు. వచ్చినాయన "సాయంత్రానికి ఇచ్చెయ్" అంటే, "ఇవ్వనండీ" అను.

ఈ మాట దగ్గర నిన్ను కాసేపు కూర్చోబెట్టాలి. మీ నాన్న నీకీ కథ చెప్పి ఉండడు. నేను చెప్పానని వాడితో అనకు.

మీ తాతయ్య కరణీకం చేసినన్నాళ్లూ ఒకటే పెన్ను వాడారు. నల్లటి ఎబొనైటు పెన్ను, ఫిల్లరుతో ఇంకు పోసుకునే రకం. 1984లో కరణాల పదవులు రద్దయినప్పుడు ఆయన ఆ పెన్నుని ఇంకు ఉండగానే మూత బిగించి, లెక్కల పుస్తకాలున్న చెక్కపెట్టెలో పెట్టేశారు. మళ్లీ ముట్టుకోలేదు. అది కోపమో దుఃఖమో, మేం అడగలేదు. కొన్నేళ్లకి మీ నాన్న బీకాం ఆఖరి సంవత్సరం పరీక్షలు. "నాన్నా, ఆ పెన్నుతో రాస్తాను" అన్నాడు. ఆయన తాళంచెవి ఇచ్చారు. ఆయన మొహం ఎంత వెలిగిందో నాకింకా గుర్తుంది.

తీసి చూస్తే లోపల ఇంకు గడ్డకట్టి ఉంది. తెల్లారితే పరీక్ష. మీ నాన్నకి తొందర పుట్టుకతో వచ్చింది, నీకూ కొంత పంచాడు. ఇత్తడి గిన్నెలో నీళ్లు మరగబెట్టి పెన్నుని అలాగే అందులో పడేశాడు. నేను వంటింట్లోకొచ్చేసరికి గంధకం వాసన గుప్పుమంది. ఎబొనైటు అంటే రబ్బరుని గంధకంతో ఉడికించి గట్టిపరిచిందే కదా. వేణ్ణీళ్లు తగిలితే దాని నలుపు చచ్చిపోతుంది, లోపలి ఆకారం మెత్తబడుతుంది. గరిటెతో బయటికి తీసేసరికి నిగనిగలాడిన పెన్ను బురద రంగుకి తిరిగింది. ఫీడ్ వంగి పాళీకి ఎడంగా నిలబడింది. ఇంకు పోస్తే ఒక్కసారిగా బొట్లు బొట్లుగా పరీక్ష అట్ట మీద కారింది. పక్కింటివాళ్ల బాల్‌పెన్ను అడిగి తెచ్చుకుని పరీక్ష రాశాడు. ఫస్టుక్లాసే వచ్చిందిలే.

సంగతి అక్కడితో అయిపోయుంటే బాగుండేది. ఆయనకి తెలిసేలోపు సరిచేయించాలని మీ నాన్న దాన్ని ఒక మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్లాడు. పేరెందుకు, పనిమంతుడే. కొత్త ఫీడ్ వేశాడు, గొట్టాన్ని చక్రం మీద పెట్టి బురద రంగు పోయేదాకా సానపట్టాడు. కొత్త పెళ్లికొడుకులా తిరిగొచ్చింది. మీ తాతయ్య చేతికిచ్చాడు. ఆయన బొటనవేలు గొట్టం మీద ఒకచోటికి వెళ్లి వెతుక్కుంది. అక్కడ ఏళ్ల తరబడి పట్టుకుని రాసిన అరుగుదల ఉండేది, వేలు అందులో కూర్చునేది. అది లేదు. గొట్టం చివర శిస్తు కూడుతూ కూడుతూ కొరికిన పంటిగాట్లు ఉండేవి. అవీ లేవు. "బాగుందిరా" అన్నారు. జేబులో పెట్టుకున్నారు. చనిపోయేదాకా పెట్టుకున్నారు, దాంతో ఒక్క సంతకం చెయ్యగా నేను చూడలేదు.

మీ నాన్న ఇంకు పెన్ను పట్టుకోవడం నువ్వెప్పుడైనా చూశావా?

కాబట్టి, అమ్మాజీ, వేణ్ణీళ్లు నీ బల్ల మీదికి రానేరావు. పెన్ను ఎబొనైటో కాదో తెలియకపోతే బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడు, రబ్బరు వాసనొస్తే అదే. ఎండలో కూడా దాని నలుపు పోతుంది, కిటికీ దగ్గర పెట్టకు. సానపట్టమని వాళ్లు అడిగితే తప్ప పట్టకు. అడిగినా ఒకసారి, "ఇది ఎవరి పెన్నండీ?" అని నువ్వు అడుగు.

ఇంక నాకున్న భయాలు. పెన్నుని నోట్లో పెట్టుకుని ఊదడం, పీల్చడం మా కాలంలో అందరూ చేసేవారు. నువ్వు చెయ్యకు. ఎవరెవరి ఇంకో, లోపల ఎన్నాళ్ల బూజో. మన గాలిలో చెమ్మ ఎక్కువ, ఇంకు బుడ్డిలో బూజు తొందరగా పడుతుంది. పైన తెట్టులాగా తేలినా, అడుగున పీచులా కనపడినా, కంపు కొట్టినా ఆ బుడ్డి పారబొయ్, ఎంత ఖరీదైనా సరే. వాడిన పాళీని తిన్నగా బుడ్డిలో ముంచకు, కావలసినంత వేరే గిన్నెలోకి తీసుకో. చీలికలోకి బ్లేడు, గుండుసూది పెట్టొద్దు. పలచటి ఇత్తడి రేకు చాలు, అదీ ఒత్తకుండా. గచ్చు మీద పాళీ అరగదీసే విద్య చిన్నప్పుడే మర్చిపోయుంటావనుకుంటున్నాను.

నీళ్లకి లొంగనిదానికి అమ్మోనియా వాడతారు. పది పాళ్ల నీళ్లకి ఒక పాలు, ఒక చుక్క సబ్బు. తలుపులు తీసి చెయ్యి. బ్లీచింగు తగిలిన గిన్నెలో మాత్రం చచ్చినా కలపకు, ఆ రెండూ కలిస్తే వచ్చే పొగ ఊపిరితిత్తులు తినేస్తుంది. అల్యూమినియం భాగాలుంటే అమ్మోనియా వద్దు. స్పిరిట్ అసలొద్దు, కొన్ని ప్లాస్టిక్కులు కరిగిపోతాయి, పగుళ్లిస్తాయి. పాత సెల్యులాయిడ్ పెన్నులైతే మంట దగ్గరికి కూడా తీసుకెళ్లకు, భగ్గుమంటుంది.

నీళ్ల గురించి. సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్లు ఎలా ఉంటాయో నీకు చెప్పక్కర్లేదు, ఆరాక తెల్లటి పొర కడతాయి. ఇంకు పూడిక తీసి ఉప్పు పూడిక పెట్టినట్టవుతుంది. ఆఖరిసారి కడగడానికి డిస్టిల్డ్ వాటర్ వాడు, బ్యాటరీల షాపులో దొరుకుతుంది. అక్కడ "బ్యాటరీలో పోసేది ఇవ్వండి" అని అడగకు! యాసిడూ అక్కడే ఉంటుంది, సీసాలూ ఒకేలా ఉంటాయి. చీటీ చదివి తీసుకో. మూత వాసన చూడకు.

ఇంకుల్లో ఏది ఎక్కువ పూడుస్తుందో వచ్చినవాళ్లకి చెప్పు. మామూలు నీలం ఇంకు నీళ్లకే కరిగిపోతుంది. మేం దస్తావేజులకి అది వాడేవాళ్లం కాదు, 1986 వరదలో తడిసిన కాగితాలు చూసినవాడెవడూ వాడడు. కరక్కాయా అన్నభేదీ వేసి పూర్వం కాచిన సిరా ఉందే, ఇప్పుడు ఐరన్ గాల్ అని సీసాల్లో వస్తోంది, అది కాగితం మీద పడ్డాక గాలి తగిలి నల్లబడుతుంది, తడిసినా పోదు. పెన్నులో ఎండినా అంతే, నీళ్లకి కదలదు. దానికి విటమిన్ సి పొడిని నీళ్లలో కలిపి నానబెడితే వదులుతుంది. చప్పరించే నారింజ బిళ్లలు కాదు, వాటిలో పంచదార ఉంటుంది. మెరుపులు కలిపిన ఇంకులు కుర్రాళ్లు ఇష్టపడుతున్నారంట, అవి ఫీడ్‌లో అడుగుకి దిగుతాయి, వాడినవాళ్లు తరచూ కడుక్కోవాలి. డ్రాయింగువాళ్ల ఇండియన్ ఇంకు పోసి తెచ్చిన పెన్నుకి హామీ ఇవ్వకు. అందులో మసీ, లక్కా ఉంటాయి. రెండు రకాల ఇంకులు కలిపి పోసినా అడుగున మడ్డి కడుతుంది.

మళ్లీ పూడకుండా ఉండాలంటే రోజూ రెండు ముక్కలైనా రాయడం, రాయనప్పుడు మూత బిగించి పాళీ పైకి నిలబెట్టడం, వారం పది రోజులు వాడనప్పుడు కడిగి ఖాళీగా ఉంచడం. ఈ మూడూ చిన్న చీటీ మీద రాసి పెన్నుతో పాటివ్వు. ప్రింటు తియ్యకు, ఇంకుతోనే రాయి. నీ చేతిరాత బాగుంటుంది, అది నా పోలిక.

కొట్టు తెరిచేలోపు రాజమండ్రి ఓసారి వెళ్లు. రత్నం వారు 1932 నుంచి పెన్నులు చేస్తున్న ఊరది. స్వదేశీ పెన్ను చేసి పంపితే 1935లో గాంధీగారు వార్ధా నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఉత్తరం సంగతి అందరూ చెబుతారు, నువ్వు చూడాల్సింది ఎబొనైటు కడ్డీని లేతు మీద గొట్టంగా ఎలా తొలుస్తారో. వాళ్లు ఒప్పుకుంటే పక్కన స్టూలు మీద కూర్చుని చేతులు చూడు. ఫోన్‌లో వీడియో తీస్తూ కూర్చోకు.

రేపు ఉదయం బస్సులో ఒక డబ్బా పంపిస్తున్నాను. డ్రైవరు మనవాడే, స్టాండులో నీ చేతికిస్తాడు. అందులో నా రబ్బరు బుడ్డి, ఇత్తడి రేకులు, ఫిల్లర్లు ఉన్నాయి. అడుగున గుడ్డలో చుట్టింది మీ తాతయ్య పెన్ను. అది బాగుచెయ్యడానికి కాదు. పైన మీ పెద్దమ్మ పనసపొట్టు కొట్టి పెట్టింది, ఈ ఉక్కకి సాయంత్రానికల్లా నల్లబడి పోతుంది. పెన్నుల మీద పడకుండా ముందు అది తీసి వండుకో.

మీ పెదనాన్న